పలుగురాయి మనది, పాలీసిలికాన్ ఎవరిది?

పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకుంటే కేంద్రం 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఇస్తుంది. దానికో షరతు ఉంది. ప్యానెల్ మన దేశంలో తయారైనదై ఉండాలి, అందులో ఎండను కరెంటుగా మార్చే సెల్ కూడా ఇక్కడ చేసిందే కావాలి. దీన్నే డీసీఆర్ నిబంధన, అంటే దేశీయ సరుకు నిబంధన అంటారు. "డీసీఆర్ ప్యానెల్ సార్, మన సరుకే" అని ఇన్‌స్టాల్ చేసేవాళ్లు చెప్పే మాటలో అబద్ధమేమీ లేదు. నిబంధన సెల్ దాకానే అడుగుతుంది. అయితే ఆ సెల్‌ను ఏ పలక మీద చేశారో, వేఫర్ అనే ఆ పల్చటి సిలికాన్ పలక చాలావరకు చైనా నుంచి దిగుమతైనదే. వేఫర్‌ను కోసిన ఇంగాట్ దిమ్మ అక్కడ పోసిందే. ఆ దిమ్మ కోసం కరిగించిన పాలీసిలికాన్, అంటే బాగా శుద్ధి చేసిన సిలికాన్ కూడా అక్కడిదే.

3 కిలోవాట్ల ప్యానెళ్లన్నిట్లో కలిపి సిలికాన్ ఆరేడు కిలోలకు మించదు. ప్యానెల్ బరువులో ఎక్కువ భాగం గాజు, ఆ తర్వాత అల్యూమినియం ఫ్రేము. కానీ ఎండను కరెంటుగా మార్చేది ఆ ఆరేడు కిలోలే. 2025 నాటికి మన ప్యానెల్ ఫ్యాక్టరీల సామర్థ్యం ఏడాదికి 100 గిగావాట్లు దాటింది. సెల్స్ సామర్థ్యం అందులో నాలుగో వంతు చుట్టుపక్కల ఉంది. వేఫర్ల దగ్గరికి వస్తే ముంద్రాలో అదానీ పెట్టిన 2 గిగావాట్లు. ఇంకో మెట్టు కిందికి దిగి పాలీసిలికాన్ దగ్గరికొస్తే వ్యాపార స్థాయిలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. పైన ఇంత కట్టేసి పునాది పక్కవాడి స్థలంలో పెట్టుకున్నాం. సరిహద్దులో మనకు పేచీ ఉన్నది కూడా ఆ దేశంతోనే.

అసలు సిలికాన్‌కి కొరత ఎందుకు రావాలి? భూమి పైపొరలో ఆక్సిజన్ తర్వాత అంత ఎక్కువగా ఉన్న మూలకం అదే. నెల్లూరు వైపు సైదాపురం, గూడూరు ప్రాంతాల్లో మైకాతో పాటు పలుగురాయి తవ్వుతారు. తెల్లరాయి అంటారు చాలామంది. ఆ రాయిలో ఉన్నది సిలికాన్, ఆక్సిజనే. "ఇసుక నుంచి సోలార్ ప్యానెల్" అని పేపర్లు రాస్తుంటాయి గానీ ఏటి ఇసుక దీనికి పనికిరాదు. గట్టి గడ్డలుగా దొరికే, మలినాలు తక్కువున్న పలుగురాయి కావాలి. అలాంటి రాయి ప్రపంచంలో చాలా చోట్ల ఉంది. మనకూ ఉంది. సమస్య రాయి దగ్గర మొదలు కాదు.

మొదటి మెట్టు కొలిమి. పలుగురాయి, బొగ్గు, కోక్, కట్టె చెక్కలు కలిపి పెద్ద ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేసులో వేస్తారు. 1,900 డిగ్రీలకు పైన బొగ్గు రాయిలోని ఆక్సిజన్‌ను లాక్కుని వాయువుగా వెళ్లిపోతుంది, అడుగున ద్రవ సిలికాన్ మిగులుతుంది. కిలోకు 11 నుంచి 13 యూనిట్ల కరెంటు పడుతుంది. విజయనగరం జిల్లా గరివిడి, బొబ్బిలి వైపు వాళ్లకు ఈ తరహా ఫర్నేసులు కొత్త కాదు. అక్కడి ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలు ఈ కుటుంబానివే. కరెంటు చార్జీ పెరిగినప్పుడల్లా అవి మూతపడటం, కూలీలు రోడ్డున పడటం కూడా వాళ్లు చూసినదే. ఈ అనుభవాన్ని గుర్తుపెట్టుకోండి, ముందుముందు దీని అవసరం పడుతుంది.

ఇలా వచ్చిన సిలికాన్ 98, 99 శాతం శుద్ధం. అల్యూమినియంలో కలపడానికి, సిలికోన్ జిగురులకు అది చాలు. సోలార్ సెల్‌కి చాలదు.

శుద్ధి అనే అసలు పని

సెల్‌కి కావలసిన సిలికాన్‌ని పరిశ్రమలో తొమ్మిదుల లెక్కన చెబుతారు. ఇవాళ్టి మంచి సెల్స్‌కి 99 తర్వాత దశాంశం పెట్టి ఇంకో ఏడు తొమ్మిదులు రాయాల్సినంత శుద్ధి అడుగుతున్నారు. అంటే వంద కోట్ల అణువుల్లో పరాయిది ఒకటో రెండో. ఇంత పట్టింపు ఎందుకంటే ఎండ తగిలి సెల్‌లో విడుదలైన ఎలక్ట్రాన్‌ను ఇనుము, టైటానియం లాంటి లోహపు అణువు దారిలోనే పట్టేస్తుంది. అది తీగ దాకా చేరదు, కరెంటు తగ్గుతుంది.

ఇనుము లాంటివాటిని తర్వాత స్ఫటికం లాగేటప్పుడు కొంత వదిలించుకోవచ్చు, అవి ద్రవంలోనే ఉండిపోవడానికి ఇష్టపడతాయి. బోరాన్, ఫాస్ఫరస్ అలా కాదు. సిలికాన్ గట్టిపడుతుంటే బోరాన్ దాదాపుగా దానితో పాటే గట్టిలోకి వచ్చేస్తుంది. ఎన్నిసార్లు కరిగించి పోసినా పెద్దగా లాభం ఉండదు. అందుకే సిలికాన్‌ను సిలికాన్‌గానే శుద్ధి చేసే ఆలోచన పక్కనపెట్టి, ముందు దాన్ని తేలిగ్గా మరిగే రసాయన ద్రవంగా మార్చేస్తారు.

పొడి చేసిన సిలికాన్‌ను 300 డిగ్రీల దగ్గర హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుతో కలిపితే ట్రైక్లోరోసిలేన్ వస్తుంది. ఇది 32 డిగ్రీలకే మరుగుతుంది, నెల్లూరు వేసవిలో మూత తీసి పెడితే దానంతటదే ఆవిరైపోయేంత. నిప్పంటుకునే స్వభావం ఉంది, గాలిలో తేమ తగిలితే ఆమ్లపు పొగలు చిమ్ముతుంది. అంత తేలిగ్గా మరుగుతుంది కాబట్టే దాన్ని పదే పదే స్వేదనం చేయవచ్చు. ఎత్తైన గోపురాల్లో మరిగించి, చల్లార్చి, మళ్లీ మరిగించి బోరాన్, ఫాస్ఫరస్ సమ్మేళనాలను వేరు చేస్తారు. పాలీసిలికాన్ ఫ్యాక్టరీని దూరం నుంచి చూస్తే పెట్రోలు రిఫైనరీలా కనిపించేది ఈ గోపురాల వల్లే.

తర్వాతి దశ చూడదగ్గది. గంట ఆకారపు ఉక్కు పాత్రలో వేలెడు లావు కూడా లేని సన్నటి సిలికాన్ కడ్డీలను తిరగేసిన 'యు' ఆకారంలో నిలబెడతారు. వాటిలోంచే కరెంటు పంపి 1,100 డిగ్రీల దాకా ఎర్రగా కాలుస్తారు. శుద్ధి చేసిన ట్రైక్లోరోసిలేన్, హైడ్రోజన్ లోపలికి పంపితే వాయువులోంచి సిలికాన్ అణువులు ఊడి ఆ కడ్డీల మీద పేరుకుంటాయి. మూడు నాలుగు రోజుల్లో సన్నటి కడ్డీ జానెడు లావు దూలమవుతుంది. లోపల కడ్డీలు ఎర్రగా కాలుతుంటే బయటి గోడల్ని మాత్రం నీళ్లతో చల్లగా ఉంచాలి, లేకపోతే సిలికాన్ గోడలకే అంటుకుంటుంది. ఒక పక్క కాల్చడం, ఇంకో పక్క చల్లార్చడం. కరెంటు ఖర్చంతా ఇక్కడే. ఒకప్పుడు కిలోకు 100 యూనిట్లకు పైనే అయ్యేది, ఇప్పటి మంచి ప్లాంట్లలో అన్నీ కలిపి 50, 60 మధ్య ఉంది. మధ్యలో కరెంటు పోతే ఆ బ్యాచ్ పాడైనట్టే.

సీమెన్స్ పద్ధతి అని పిలిచే ఈ దారికి పోటీగా కడ్డీల బదులు గింజలు తయారు చేసే పద్ధతి ఉంది. సిలేన్ వాయువులో చిన్న చిన్న సిలికాన్ రేణువుల్ని తేలుతూ ఉంచితే అవే పెరుగుతాయి. కరెంటు చాలా తక్కువ పడుతుంది. చైనాలో జీసీఎల్ దీన్ని పెద్ద ఎత్తున నడుపుతోంది. శుద్ధి నిలబెట్టడం మాత్రం ఇందులో కష్టం.

మిగిలిపోయే సరుకు సంగతి కూడా చెప్పుకోవాలి. సీమెన్స్ పద్ధతిలో కిలో సిలికాన్‌కి పది కిలోలకు పైగా సిలికాన్ టెట్రాక్లోరైడ్ పుడుతుంది. దాన్ని పట్టి, హైడ్రోజన్‌తో కలిపి మళ్లీ ట్రైక్లోరోసిలేన్ చేయవచ్చు. దానికి యంత్రాలు, ఖర్చు, ఓపిక కావాలి. సిలికాన్ ధర ఆకాశంలో ఉన్న 2008లో చైనాలోని హెనాన్ ప్రావిన్స్‌లో ఒక ఫ్యాక్టరీ దాన్ని పొలాల పక్కన పారబోస్తోందని వార్తలొచ్చాయి. తేమ తగలగానే హైడ్రోక్లోరిక్ ఆమ్లమయ్యే సరుకు అది. 2011లో చైనా ప్రభుత్వం 98.5 శాతం దాకా తిరిగి వాడాల్సిందేనని నిబంధన పెట్టింది. ఇవాళ మన దగ్గర ఎవరు ఈ ఫ్యాక్టరీ పెట్టినా ఊరివాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: టెట్రాక్లోరైడ్‌ని ఏం చేస్తారు?

కొరత భయంతో చేసిన ఒప్పందాలు

చాలాకాలం సోలార్ పరిశ్రమకు సొంత సిలికాన్ అంటూ లేదు. కంప్యూటర్ చిప్‌ల కోసం చేసిన సిలికాన్‌లో పనికిరాని ముక్కలు, కొసలు కొనుక్కుని బతికేది. అవసరం అంత తక్కువ. 2004లో జర్మనీ తన చట్టాన్ని సవరించి సోలార్ కరెంటుకు మంచి రేటు గ్యారంటీ ఇచ్చాక లెక్క మారింది. రెండేళ్లలో సోలార్ వాడకం చిప్‌ల వాడకంతో పోటీపడే స్థాయికి వచ్చింది. కొత్త పాలీసిలికాన్ ప్లాంటు కట్టి, నడిపించి, శుద్ధి సాధించడానికి మాత్రం కనీసం రెండు మూడేళ్లు పడుతుంది. సెల్ ఫ్యాక్టరీ అంతకంటే తొందరగా లేస్తుంది. ఈ రెండు వేగాల మధ్య తేడాయే ఈ రంగంలో ప్రతి సంక్షోభానికీ మూలం.

2003 ప్రాంతంలో కిలో 30 డాలర్లకు అటూ ఇటూగా ఉన్న పాలీసిలికాన్ 2008లో బహిరంగ మార్కెట్లో 400 డాలర్లు దాటింది. సెల్ కంపెనీలు భయపడి పదేళ్ల ఒప్పందాలు రాసుకున్నాయి. ముందే కోట్ల డాలర్ల అడ్వాన్సు, స్థిరమైన ధర, పైగా సరుకు తీసుకున్నా తీసుకోకపోయినా డబ్బు కట్టాల్సిందేనన్న షరతు. సరఫరా కంపెనీలు ఆ కాగితాలు చూపించి బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చి ప్లాంట్లు కట్టాయి. అప్పటికి అందరికీ న్యాయంగానే తోచింది.

2008 చివరి ఆర్థిక సంక్షోభంలో స్పెయిన్ ప్రోత్సాహకాలు కోసేసింది, అదే సమయానికి కొత్త ప్లాంట్లు ఒకటొకటిగా నడవడం మొదలైంది. 2009 చివరికి ధర 60 డాలర్ల దగ్గరికి, 2012 చివరికి 20 లోపుకి దిగింది. ఒప్పందాలు మాత్రం పాత ధరల మీదే ఉన్నాయి. చైనాకు చెందిన సన్‌టెక్ 2006లో అమెరికన్ కంపెనీ ఎంఈఎంసీతో పదేళ్ల వేఫర్ ఒప్పందం చేసుకుంది. 2011లో అందులోంచి బయటపడటానికి 12 కోట్ల డాలర్లు ఇచ్చుకుంది. రెండేళ్లు తిరక్కుండా దాని ప్రధాన సంస్థ దివాలాకెళ్లింది. జర్మనీ సోలార్‌వరల్డ్ కథ ఇంకా బాధాకరం. అమెరికా పాలీసిలికాన్ కంపెనీ హెమ్‌లాక్‌తో చేసుకున్న ఒప్పందం ప్రకారం సరుకు ఎత్తలేదని 2016లో అమెరికా కోర్టు దాని అనుబంధ సంస్థ మీద 79.3 కోట్ల డాలర్ల తీర్పు ఇచ్చింది. మరుసటి ఏడాది మే నెలలో సోలార్‌వరల్డ్ చేతులెత్తేసింది.

అమ్మినవాళ్లూ సుఖపడలేదు. హెమ్‌లాక్ టెన్నెసీ రాష్ట్రం క్లార్క్స్‌విల్‌లో 120 కోట్ల డాలర్లతో కట్టిన ప్లాంటు ఒక్కరోజు కూడా ఉత్పత్తిలోకి రాకుండానే 2014లో మూతపడింది. సిలికాన్ కరువులో చవక దారులు వెతికినవాళ్ల పరిస్థితీ అంతే. సిలికాన్ లేని పల్చటి పొర ప్యానెళ్లు చేసిన సోలిండ్రా 2011లో, రసాయన దారి మానేసి సిలికాన్‌నే నేరుగా శుద్ధి చేద్దామన్న కెనడా టిమ్మింకో 2012లో కుప్పకూలాయి. పాలీసిలికాన్ ఖరీదుగా ఉన్నంతకాలమే వాళ్ల లెక్కలు కుదిరాయి.

మన కథ కూడా ఇందులో ఉంది. 1980ల్లోనే బెంగళూరు ఐఐఎస్‌సీలో ప్రొఫెసర్ ఎ.ఆర్. వాసుదేవమూర్తి బృందం చేసిన పరిశోధన ఆధారంగా తమిళనాడు మెట్టూరులో మెట్‌కెమ్ సంస్థ పాలీసిలికాన్ తయారు చేసింది. అదే కాలంలో పెద్ద జాతీయ సిలికాన్ కర్మాగారాన్ని అమెరికా టెక్నాలజీతో పెట్టాలా, సొంత టెక్నాలజీతోనా అని ఢిల్లీలో పెద్ద వాదన నడిచింది. చివరికి ఆ కర్మాగారం రాలేదు, మెట్టూరు పెద్దది కాలేదు. తర్వాత హైదరాబాద్‌కు చెందిన ల్యాంకో, ఛత్తీస్‌గఢ్ రాజ్‌నంద్‌గావ్‌లో ఏడాదికి 1,800 టన్నుల పాలీసిలికాన్ ప్లాంటు తలపెట్టింది. ధర బాగున్నప్పుడు మొదలుపెట్టిన పని, ధర పడిపోయాక ఉత్పత్తి దాకా రాలేదు. మాతృ సంస్థ 2018లో లిక్విడేషన్‌కి వెళ్లింది. మెట్టూరు గానీ రాజ్‌నంద్‌గావ్ గానీ నిలబడి ఉంటే ఇవాళ ట్రైక్లోరోసిలేన్ గోపురాల దగ్గర చేయి తిరిగిన ఇంజనీర్లు మనకు వందల్లో ఉండేవాళ్లు. నాకు అసలు బాధ పోయిన డబ్బు గురించి కాదు, ఆ నేర్పు గురించి.

చైనా చేతికి ఎలా వెళ్లింది

చవక కూలీ వల్ల అనుకుంటారు చాలామంది. పాలీసిలికాన్ ప్లాంటులో కూలీల ఖర్చు స్వల్పం. నిర్ణయించేది కరెంటు, ప్లాంటు కట్టే ఖర్చు, వడ్డీ. షిన్‌జియాంగ్‌లో గనుల పక్కనే బొగ్గు కరెంటు, ఇన్నర్ మంగోలియాలోనూ అదే, సిచువాన్, యునాన్‌లలో జలవిద్యుత్తు. మన పరిశ్రమలు కట్టే రేటులో సగానికి దగ్గరగా వాళ్లకు యూనిట్ పడింది. స్థానిక ప్రభుత్వాలు స్థలమిచ్చాయి, బ్యాంకులు అప్పులిచ్చాయి. 2014లో అమెరికా, కొరియాల నుంచి వచ్చే పాలీసిలికాన్ మీద చైనా సుంకాలు వేసి తన మార్కెట్‌ను కాపాడుకుంది. దాంతో చైనాకు అమ్ముకోలేక వాషింగ్టన్ రాష్ట్రం మోజెస్ లేక్‌లోని ఆర్ఈసీ కంపెనీ ప్లాంటు 2019లో ఆగిపోయింది. కొరియాలో ఓసీఐ కంపెనీ 2020లో సోలార్ సిలికాన్ ఆపేసి, జలవిద్యుత్తు దొరికే మలేసియా సరవాక్‌లోని ప్లాంటుకు మారింది.

2020 నాటికి ప్రపంచ పాలీసిలికాన్‌లో 45 శాతం దాకా ఒక్క షిన్‌జియాంగ్‌దే. ఆ ఏడాది జులైలో అక్కడి జీసీఎల్ ప్లాంటులో పేలుడు జరిగి ధర కదిలింది. డిమాండ్ ఊపందుకుని రెండేళ్లలో కిలో 300 యువాన్లకు చేరింది. 2020 మధ్యలో ఉన్నదానికి ఇది అయిదారు రెట్లు. మన దగ్గర సోలార్ టెండర్లు గెలిచిన కంపెనీలు ప్యానెళ్ల రేటు చూసి పనులు ఆపి కూర్చున్న కాలం అది. తర్వాత చైనా కంపెనీలు ఒకరిని చూసి ఒకరు ఎడాపెడా కట్టేశాయి, 2024 వసంతానికి ధర 40 యువాన్ల దగ్గరికి కూలింది. అందరికంటే పెద్దదైన టోంగ్‌వీ కూడా ఆ ఏడాది నష్టాల్లో మునిగింది. ఇప్పుడు ప్రపంచ పాలీసిలికాన్‌లో 90 శాతానికి పైగా, వేఫర్లలో ఇంకా ఎక్కువ శాతం చైనాదే.

షిన్‌జియాంగ్‌లోని ఉయిగుర్ ముస్లింల చేత బలవంతపు పని చేయిస్తున్నారన్న ఆరోపణల మీద అమెరికా చట్టం చేసి, 2022 జూన్ నుంచి షిన్‌జియాంగ్ మూలం ఉన్న సరుకును ఆపేస్తోంది. కాబట్టి మన ప్యానెళ్లు అమెరికాకు అమ్మాలన్నా సిలికాన్ ఎక్కడిదో రాయి దాకా కాగితాలు చూపించాలి. అటు చైనా 2022 చివర్లో ఇంగాట్, వేఫర్ తయారీ టెక్నాలజీ ఎగుమతి మీద ఆంక్షలు ప్రతిపాదించింది. వేఫర్ అమ్మకం ఆపాల్సిన పని కూడా లేదు, దాన్ని కోసే యంత్రాల ఇంజనీర్లను పంపకపోతే చాలు, మన కొత్త ఫ్యాక్టరీలు నెలల తరబడి ఆగుతాయి.

డబ్బు పోస్తే పని అయిపోతుందా అంటే మోజెస్ లేక్ రెండో అధ్యాయం చూడాలి. 2022లో అమెరికా తన గడ్డ మీద చేసిన ప్రతి కిలో పాలీసిలికాన్‌కి 3 డాలర్ల పన్ను రాయితీ ప్రకటించింది. ఆ మూతపడ్డ ప్లాంటు ఉన్న ఆర్ఈసీలో కొరియా హన్వా వాటా కొంది, హన్వా ప్యానెల్ సంస్థ క్యూసెల్స్ పదేళ్ల పాటు సరుకు కొంటానని రాసిచ్చింది. ప్లాంటు ఉంది, కొనేవాళ్లు ఉన్నారు, ప్రభుత్వ సాయం ఉంది. తీరా గింజల సిలికాన్ శుద్ధి పరీక్షలో నెగ్గలేదు. 2024 డిసెంబరు 30న ఉత్పత్తి ఆపేస్తున్నట్టు ఆర్ఈసీ ప్రకటించింది. మూసిన ప్లాంటును తెరవడం వేరు, అందులో వందకోట్లకు ఒక్కటి లెక్కన శుద్ధి నిలబెట్టడం వేరు.

మన లెక్క

2024 రెండో భాగంలో చైనాలో పాలీసిలికాన్ ధర పన్నులతో కలిపి కిలో 40 యువాన్ల చుట్టూ తిరిగింది, మన డబ్బుల్లో 460 రూపాయలు. మన దగ్గర ప్లాంటు పెట్టామనుకుందాం. కిలోకు 55 యూనిట్లు, యూనిట్ 6 రూపాయలు అనుకున్నా కరెంటుకే 330. ముడి సిలికాన్ కిలో పైచిలుకు కావాలి, అప్పటి చైనా ధరకే తెచ్చుకున్నా ఓ 130. అక్కడికే 460 అయిపోయింది. జీతాలు, వడ్డీ, యంత్రాల అరుగుదల, మరమ్మతులు అన్నీ ఆ పైన. గరివిడి, బొబ్బిలి గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. కరెంటు రేటు తేల్చకుండా పలుగురాయి ఉంది కదా అని ఫ్యాక్టరీ కడితే అదే గతి పడుతుంది.

కేంద్రం ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకాల పథకంలో 2021లో 4,500 కోట్లు, తర్వాతి ఏడాది 19,500 కోట్లు కేటాయించింది. పాలీసిలికాన్ నుంచి ప్యానెల్ దాకా అన్నీ చేస్తామని పెద్ద వాటాలు దక్కించుకున్నవాటిలో రిలయన్స్, కడపకు చెందిన షిర్డీసాయి ఎలక్ట్రికల్స్ వారి ఇండోసోల్ ఉన్నాయి. ఫస్ట్ సోలార్ కూడా గెలిచింది, చెన్నై దగ్గర దాని ఫ్యాక్టరీ నడుస్తోంది. అయితే అది క్యాడ్మియం టెల్యూరైడ్ పొరతో ప్యానెల్ చేస్తుంది, సిలికాన్ అవసరమే లేదు. ఇండోసోల్ రామాయపట్నం పోర్టు దగ్గర కట్టాలనుకుంటోంది. దానికోసం ఉలవపాడు మండలం కరేడులో వేల ఎకరాల సాగు భూమి తీసుకోవాలన్న ప్రతిపాదన మీద 2025లో రైతులు రోడ్డెక్కారు. సోలార్ కావాలనుకునే నేను వాళ్ల ప్రశ్నలను అడ్డంకిగా చూడలేను. పాలీసిలికాన్ ప్లాంటుకు అసలు ఎంత స్థలం కావాలి, మిగతాది దేనికి, నీళ్లు ఎక్కడివి, టెట్రాక్లోరైడ్ సంగతేంటి అన్నవి ఎకరాల లెక్క కంటే ముందు బయటపెట్టాల్సినవి.

తిండిగింజల్లా మనకు కావలసిందంతా మనమే పండించుకోవాలని నేను అనను. 100 గిగావాట్ల ప్యానెళ్లకు 2 లక్షల టన్నుల పైగా పాలీసిలికాన్ కావాలి. అంతా ఇక్కడే చేయడం ఇప్పట్లో అయ్యే పని కాదు, అవసరం కూడా లేదు. వాడకం తగ్గుతోంది కూడా. 2004లో వాట్‌కు 16 గ్రాములు పట్టిన సిలికాన్ ఇప్పుడు 2 గ్రాముల పైచిలుకుకు వచ్చింది. వేఫర్ మందం 300 మైక్రాన్ల నుంచి 130కి తగ్గింది, వజ్రపు తీగతో కోయడం వల్ల పొట్టుగా పోయేదీ బాగా తగ్గింది. చైనా బయట జర్మనీ, మలేసియా, అమెరికా ప్లాంట్లు ఉన్నాయి. ఒమాన్ సొహార్‌లో లక్ష టన్నుల ప్లాంటు వచ్చింది. మనకు సముద్రం దాటితే ఒమానే, వాటా కొనడానికి మన కంపెనీలు ముందుకు రావడం మంచి పని.

అయినా నాలుగో వంతు, అంటే 50,000 టన్నులు ఇక్కడే ఉండాలని నా గట్టి నమ్మకం. దాని భారం ఎంతో చూడండి. మన సిలికాన్ చైనా కంటే కిలోకు 150 రూపాయలు ఎక్కువ పడిందనుకుంటే, 3 కిలోవాట్ల ఇంటికి పెరిగేది దాదాపు వెయ్యి రూపాయలు. రెండు లక్షలకు కాస్త అటూ ఇటూగా అయ్యే సిస్టమ్‌లో ఆ మొత్తం పెద్దగా లెక్కలోకి రాదు. ప్రభుత్వమే భరిస్తే 50,000 టన్నులకు ఏడాదికి 750 కోట్లు. అమెరికా ఇచ్చే 3 డాలర్ల కంటే ఇది తక్కువే. సిలికాన్ ప్యానెల్ ధరలో చిన్న ముక్క కాబట్టి సాయం చేయడం తేలిక, అది లేకపోతే మాత్రం 100 గిగావాట్ల ఫ్యాక్టరీలు నిలిచిపోతాయి.

ఆ 150ని తగ్గించే మార్గం కరెంటులోనే ఉంది. 50,000 టన్నుల ప్లాంటు ఏడాదికి 275 కోట్ల యూనిట్లు, అంటే రాత్రీ పగలూ ఆగకుండా 300 మెగావాట్లకు పైగా తాగుతుంది. పగటి సోలార్ ఒక్కటే సరిపోదు. సోలార్, గాలి, పంప్డ్ స్టోరేజీ (నీటిని పైకి ఎక్కించి, కావలసినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే ఏర్పాటు) కలిపిన ఇరవై నాలుగు గంటల కరెంటుకు కేంద్ర సంస్థల టెండర్లలో యూనిట్ 4, 5 రూపాయల మధ్య రేట్లు వచ్చాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో చేపట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ లాంటివి రాయలసీమలోనే ఉన్నాయి. ఆ కరెంటును వీలింగ్ చార్జీలు (లైన్ల వాడకానికి రుసుము), క్రాస్ సబ్సిడీ సర్‌చార్జీలు (డిస్కం కాకుండా బయట కొంటే పడే అదనపు రుసుము) మీదపడకుండా పదిహేనేళ్ల స్థిర ఒప్పందంతో ప్లాంటుకు ఇస్తే రెండు వందల రూపాయల పైచిలుకులో కరెంటు ఖర్చు తేలిపోతుంది. రాష్ట్ర ప్రభుత్వాలు రాయితీగా ఎకరాలు ఇవ్వడం కంటే ఇది ఎక్కువ పనిచేస్తుంది.

ఇక కొనుగోలు ఒప్పందం. హెమ్‌లాక్ తరహా పదేళ్ల స్థిర ధర వద్దు. ముడి సిలికాన్ ధర, కరెంటు రేటులతో పాటు మారే సూత్రం రాసుకుని, దానికి ఒక కనీస ధర, ఒక గరిష్ఠ ధర పెట్టుకోవాలి. మార్కెట్ కనీస ధర కంటే పడితే తేడా ప్రభుత్వం భరించాలి, గరిష్ఠం దాటితే లాభంలో వాటా తిరిగి ఖజానాకు రావాలి. మహేశ్వరంలో సెల్స్ చేసే ప్రీమియర్ లాంటి కంపెనీలు, రాంబిల్లిలో రెన్యూ తలపెట్టిన 6 గిగావాట్ల ఇంగాట్-వేఫర్ ప్లాంటు లాంటివి కలిసి కొంటామని సంతకం చేస్తే బ్యాంకు అప్పిస్తుంది. సాయం డబ్బు మాత్రం కట్టిన టన్నుల సామర్థ్యానికి కాకుండా, శుద్ధి పరీక్ష నెగ్గి గేటు దాటిన కిలోలకే ఇవ్వాలి.

2026 జూన్ నుంచి ప్రభుత్వ ఆమోద జాబితాలోని దేశీ సెల్స్, 2028 జూన్ నుంచి వేఫర్లు తప్పనిసరి చేసే ప్రణాళిక ఉంది. పాలీసిలికాన్‌కి అలాంటి తేదీ లేదు. ప్లాంటుకు మూడేళ్లు, శుద్ధి కుదుటపడటానికి ఇంకో ఏడాది వేసుకుంటే, ఇవాళ పునాది తీసినా సరుకు చేతికొచ్చేది ఈ దశాబ్దం చివర్లోనే. చైనా ధర అట్టడుగున ఉన్నప్పుడు ఎవరూ పెట్టుబడి పెట్టరు, పైకి లేచినప్పుడు మొదలుపెడితే ల్యాంకోకు జరిగిందే జరుగుతుంది. కనీస ధర గ్యారంటీ, కరెంటు ఒప్పందం ఈ రెండూ మార్కెట్ చల్లగా ఉన్నప్పుడే కుదుర్చుకోవాలి.